ఆస్పత్రిలో చావని మనిషి

నాలుగో టేకు కూడా పోయింది. మిట్టమధ్యాహ్నం ఎండకి తోడు మొహాల మీద రెండు పెద్ద లైట్లు. జూబ్లీ హిల్స్‌లో డాక్టర్ రాఘవేంద్ర గారి ఇంటి ముందు పచ్చికలో కరుణాకుమారి అద్దె పట్టుచీర కట్టుకుని, రోగి వేషం వేసిన, ముక్కూ మొహం తెలియని ఒక మనిషికి భార్యగా నిలబడి ఉంది. "మా ఆయన్ని మాకు తిరిగిచ్చిన దేవుడండీ ఈయన" అని డాక్టరుకు దణ్ణం పెట్టాలి. షాటంతా అంతే. తీరా నోరు తెరిచేసరికి 'దేవుడు' అన్న మాట దగ్గర ఆగిపోతోంది.

కృష్ణానగర్‌లో ఆమెకి మంచి పేరుంది. ఎన్నో ఏళ్ళుగా జూనియర్ ఆర్టిస్టు. సినిమా పెళ్ళిళ్ళలో అక్షింతలు వేసింది, ఎవరెవరి శవాల మీదో పడి ఏడ్చింది, తన వల్ల రెండో టేకు ఏనాడూ కాలేదు. డైరెక్టర్ పద్మప్రియకి ఆ సంగతి తెలుసు కాబట్టే విసుక్కోకుండా కాసేపు ఆగుదామంది.

డాక్టరు మాత్రం చేతి గడియారం చూసుకుంటున్నాడు. కాలేయం, పిత్తనాళం క్యాన్సర్ల మీద ఆయనది గొప్ప పరిశోధనట. వేరేవాళ్ళు ముట్టుకోని కణితిని సగానికి పైగా కాలేయంతో సహా కోసి తీసేస్తాడట. ఆ కొత్త పద్ధతిలో కోయించుకున్నవాళ్ళు ఒక్కరు కూడా ఆయన ఆస్పత్రిలో చనిపోలేదట. ఆ ఘనతనే ఫిల్ముగా తీసి పెద్ద సభల్లో చూపిస్తారు.

అందులో అబద్ధం లేదు. కరుణ కడుపు మండేది అందుకే.

ఆమె భర్త ఆండ్రూ సినిమాల్లో లైట్‌మన్‌గా పనిచేసేవాడు. కిందటేడాది ఒళ్ళు పచ్చబడితే కామెర్లనుకుని పసరు మందు తాగాడు. పిత్తనాళంలో క్యాన్సరని తేలాక ఈ డాక్టరు దగ్గరికే వచ్చారు. ఆపరేషనైన వారానికి, మిగిలిన కాలేయం కూడా పనిచేయడం మానేసింది. అప్పుడు డాక్టరు స్వయంగా వచ్చి, మంచం పక్కన కూర్చుని, ఎంతో మెత్తగా చెప్పాడు.

"ఇంటికి తీసుకెళ్ళమ్మా. ఆయన ప్రాణమంతా ఇంటి మీదే ఉంది."

ఎంత మంచివాడో అనుకుని కరుణ ఆయనకి దణ్ణం పెట్టింది. అంబులెన్సు యూసుఫ్‌గూడ చేరకముందే ఆండ్రూ పోయాడు. దారిలో పోయినవాడు పరిశోధన లెక్కలోకి రాడు. వార్డులో పరిచయమైన ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు తమ భర్తల్నీ డాక్టరు ఆ మెత్తటి మాటలతోనే పంపేశాడని చెప్పాక గానీ ఆ మంచితనం దేనికో ఆమెకి తెలియలేదు.

పొద్దున వ్యాను దిగి, ఇది ఎవరిల్లో తెలియగానే వెనక్కి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. తనని చూసి డాక్టరు మొహం పాలిపోతే చూడాలనుకుంది. ఆయన గుర్తే పట్టలేదు. పైగా ఈవిడ నవ్వు సహజంగా లేదు, మనిషిని మార్చమని డైరెక్టరుతో అన్నాడు. ఆ మాట విన్నాక కరుణ డైలాగు గుర్తు చేసుకోవడం మానేసింది.

ఆండ్రూతో జతగా పనిచేసిన తిరుమలేశ్ లైటు సర్దే మిషతో దగ్గరికొచ్చాడు.

"వదినా, నీతోని గాకుంటె చెప్పు. లైటు ఖరాబైందని షూటింగ్ బంద్ జేపిస్త."

"వద్దు తిరుమలేశూ. లైటు బాగా పడాలి, ఆయన మొహం మీద."

పద్మప్రియ యాక్షన్ అంది. ఒకసారి ఆ మాట అన్నాక షాటు ఆపే హక్కు డైరెక్టరుదే, ఇంటి యజమానికైనా లేదు. రేపటి నుంచి ఏ షూటింగ్ వ్యానూ తన కోసం ఆగదని కరుణకి తెలుసు. అయినా కెమెరా వైపు తిరిగింది.

"మా ఆయన పేరు ఆండ్రూ. ఈ డాక్టరుగారే కోశారు. ఇక బతకడని తెలిసి ఇంటికి పంపేశారు, దారిలోనే పోయాడు. ఆస్పత్రిలో ఎవరూ చావలేదన్నది నిజమేనండీ, చావనివ్వరు. ఈయనకి ఒకసారి దణ్ణం పెట్టాను. ఇంక పెట్టను."

డాక్టరు మొహం ఇప్పుడు పాలిపోయింది. కట్ చెయ్యమని కేకేశాడు. కెమెరామన్ పద్మప్రియ వైపు చూశాడు. ఆమె కట్ చెప్పకుండా కరుణ వైపే చూస్తోంది. డాక్టరు వెలుగులోంచి పక్కకి తప్పుకోబోతే తిరుమలేశ్ లైటు ఆయన వెంటే తిప్పాడు.

"అక్కడే నిలబడండి డాక్టరుగారూ" అంది కరుణ. "ఇంకా ముగ్గురున్నారు."

మొదటి మనిషి పేరు చెప్పింది.