పన్నెండో టోపీ

ఆ వృద్ధుల నిలయంలో పనిచేసే ఆయా ఒక్కచోట నిలబడి ఎరగదు. చేతిలో దుప్పటి, చంకలో మందుల డబ్బా, నోట్లో ఎప్పుడూ ఎవరితోనో ఒక మాట. అందుకే అక్కడి పెద్దలంతా ఆమెను పిచ్చుక అని పిలిచేవారు. ఆరేళ్లుగా అదే పని. ఆ ఆరేళ్లలో ఒక్క మాత్ర తప్పుగా ఇవ్వలేదు, ఒక్క మనిషిని పడనివ్వలేదు.

క్రిస్మస్ పది రోజుల్లోకి వచ్చాక, పెద్దలందరినీ క్రిస్మస్ సంతకు తీసుకెళ్దామన్న ఆలోచన పిచ్చుకదే. మేనేజరు ససేమిరా అంది.

"చలి, జనం, జారే నేల. ఎవరైనా తప్పిపోతే?"

"తప్పిపోరు మేడమ్. అందరికీ ఎర్ర టోపీలు పెడతా. వెయ్యిమందిలో ఉన్నా ఇట్టే కనపడతారు."

మూడు రోజులు వెంటపడి ఒప్పించింది. నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి పన్నెండు మంది పెద్దలూ, పన్నెండు ఎర్ర టోపీలూ మినీబస్సులో బయల్దేరారు. డ్రైవరు బాబాయి హారన్ కొట్టి మరీ గేటు దాటించాడు.

సంత దగ్గర బస్సు దిగగానే పిచ్చుక ముఖం పాలిపోయింది. చిన్నా పెద్దా తేడా లేకుండా సంతలో సగం మంది నెత్తిన ఎర్ర టోపీలే.

"ఇదేంటే పిల్లా, అందరూ మనవాళ్లేనా?" అని డ్రైవరు బాబాయి పకపకా నవ్వాడు. పిచ్చుక కూడా నవ్వేసింది. అప్పుడు నవ్వడానికి బాగానే ఉంది.

రెండు గంటలూ ఇట్టే గడిచిపోయాయి. ప్లమ్ కేక్ ముక్కలు తిన్నారు, అల్లం బిస్కెట్లు తిన్నారు. నలభై ఏళ్లు తాళాలు బాగుచేసి బతికిన తాళాల తాత, వద్దంటున్నా వినకుండా గట్టి టాఫీ కొరికి కట్టుడు పళ్లు దానికే అప్పగించాడు. వాటిని ఊడదీసేసరికి పిచ్చుక తల ప్రాణం తోకకొచ్చింది. ఇంతలో ఇంకో పెద్దాయన కప్పుడు వేడి చాక్లెట్ ఒళ్లో ఒంపుకున్నాడు. ఆయన ప్యాంటు తుడిచి, కాలిందేమోనని చూసి, ఊరడించేసరికి పావుగంట పట్టింది. చీకటి పడి దీపాలు వెలిగాయి.

ఆరింటికి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని బస్సెక్కించింది. "జాగ్రత్తమ్మా, మెట్టు ఎత్తుగా ఉంది," "అటు జరగండి తాతా." అందరూ ఎక్కాక ముందు నిలబడి లెక్కపెట్టింది. పన్నెండు. వెనక నుంచి మళ్లీ లెక్కపెట్టింది. పన్నెండే. దారంతా పాటలు పాడుకుంటూ ఇల్లు చేరారు.

భోజనాల గదిలో వెచ్చగా కూర్చోబెట్టి టోపీలు తీయడం మొదలుపెట్టింది. పదకొండు తీసి బుట్టలో వేసింది. పన్నెండో టోపీ తీసేసరికి దాని కింద పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు కనిపించింది. నీలిరాళ్ల చెవికమ్మలు కనిపించాయి. ఆ ముఖం పిచ్చుక ఎన్నడూ చూడనిది.

టోపీ చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరండీ మీరు?"

"ఆ మాటే నేనూ అడుగుదామనుకుంటున్నానమ్మా. ఇంతకీ ఇదేం చోటు?" అందావిడ, ఏమాత్రం తొణక్కుండా.

ఆవిడ నాటకాల కంపెనీకి బట్టలు కుట్టే దర్జీ. డెబ్బై ఏళ్లు. ఒంటరిగా ఉంటుంది. టోపీ సంతలోనే కొనుక్కుంది. బస్సు పక్క నుంచి నడిచి వెళ్తుంటే పిచ్చుకే వచ్చి చెయ్యి పట్టుకుందట, "రండమ్మా, చలిలో ఎంతసేపు నిలబడతారు" అందట.

"అంత ప్రేమగా పిలిస్తే కాదనడానికి నోరు రాలేదు. పెద్దవాళ్లని ఊరు చూపించడానికి ఎవరో బస్సు పెట్టారనుకున్నా. మళ్లీ అక్కడే దింపుతారని..."

మిగతా మాటలు పిచ్చుకకు వినపడలేదు. ఆమె చూపు కిటికీ పక్కనున్న కుర్చీ మీద పడింది. కుర్చీ ఖాళీ. 

పెద్ద టీచరమ్మ లేదు.

ముప్పై ఒక్కేళ్లు బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. ఎనభై ఒక్క ఏళ్లు. నాలుగేళ్లుగా జ్ఞాపకం జారిపోతోంది. ఏడాదిగా మాటే లేదు. పక్కనెవరైనా కూర్చుంటే మాత్రం ఎక్కాలు అప్పజెప్పమని వేలు చూపిస్తుంది. తన పేరు తెలియదు, ఉంటున్న చోటు తెలియదు. అలాంటి మనిషి ఆ జనంలో, ఆ చలిలో ఒంటరిగా ఉంది.

"తాతా, బస్సులో మీ పక్క సీటు టీచరమ్మది కదా! ఈవిడ కూర్చుంటే మీరు చూడలేదా?"

"ఎందుకు చూడలా? చూశా," అన్నాడు తాళాల తాత. "టీచరమ్మ అయితే వేలు చూపించి ఎక్కాలు అప్పజెప్పిస్తుంది. ఈవిడ కబుర్లు చెప్పింది. మార్పు బాగుందిలే అని ఊరుకున్నా."

ఇంకెప్పుడైనా అయితే పిచ్చుక పడీపడీ నవ్వేది. ఇప్పుడు వెనక్కి తిరిగింది. మేనేజరు గదికి ఎలా నడిచిందో ఆమెకే తెలియదు.

"మేడమ్... టోపీలు లెక్కపెట్టాను. ముఖాలు చూడలేదు."

మేనేజరు తిట్టలేదు. అందుకే పిచ్చుకకు ఇంకా భయం వేసింది. ఫోను తీసి ముందు పోలీసులకు, తర్వాత సంతవాళ్లకు చేసింది. సంత ఆఫీసులో ఎంతసేపటికీ ఎవరూ ఎత్తలేదు. "నువ్వింకా ఇక్కడే ఉన్నావేం? పో!" అని అరిచింది.

డ్రైవరు బాబాయి బస్సు తిప్పాడు. దర్జీ ఆవిడ అడక్కుండానే వచ్చి ఎక్కింది.

"మీరెందుకండీ?"

"ఆవిడ సీట్లో కూర్చుని నేను పాటలు పాడుకుంటూ వచ్చానమ్మా," అందావిడ. ఇందాకటి నిబ్బరం ఇప్పుడు లేదు. "ఎవరో ఒకరు మిగిలిపోతారని నాకు తట్టనే లేదు."

దారిలో ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఉంది. పిచ్చుక కిటికీ అద్దానికి ముఖం ఆనించి, రోడ్డు మీద వెళ్లే ప్రతి ముసలి ఆడమనిషినీ చూస్తోంది. టీచరమ్మ కోటుకు పైబొత్తాం పెట్టానా లేదా? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఆ ఒక్క బొత్తామే బుర్రలో తిరుగుతోంది.

సంతలో జనం ఇందాకటికి రెట్టింపయ్యారు. ఎర్ర టోపీ కనపడిన చోటల్లా పిచ్చుక పరుగెత్తింది. భుజం పట్టుకుని తిప్పితే తెలియని ముఖం. క్షమించండి. ఇంకో భుజం, ఇంకో తెలియని ముఖం. కేక్ కొట్టువాణ్ని అడిగింది, బిస్కెట్ల అమ్మాయిని అడిగింది. "ఎర్ర టోపీ పెద్దావిడా? పొద్దుట్నుంచీ వందమంది వచ్చారమ్మా!" అన్నారు. మంచి ఉపాయం చెప్పానని మూడు రోజులు మురిసిపోయిన తన ముఖాన్ని తానే వాయించుకోవాలనిపించింది. సంత పక్కనే కాలువ ఉంది. అటు చూడటానికి ధైర్యం చాలలేదు. బాబాయే వెళ్లి చూసి వచ్చి, ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు దర్జీ ఆవిడ పిచ్చుక మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇలా గుడ్డిగా పరుగెడితే లాభం లేదు. ఇంత పెద్ద సంతలో తప్పిపోయిన పిల్లల్ని ఉంచే చోటు ఒకటుండాలి కదా. అక్కడ అడుగుదాం."

అది రంగులరాట్నం వెనక ఉన్న చిన్న చెక్కగది. తలుపు సగం తెరిచి ఉంది. పిచ్చుక తలుపు మీద చెయ్యి వేసిందల్లా అలాగే కొయ్యబారిపోయింది.

లోపల బల్ల వెనక, వెన్ను నిటారుగా పెట్టి, పెద్ద టీచరమ్మ కూర్చుని ఉంది. టోపీ తీసి మడిచి పక్కన పెట్టుకుంది. ఎదురుగా బెంచీ మీద ముగ్గురు పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒకడింకా వెక్కుతున్నాడు. టీచరమ్మ పెన్సిలు పట్టుకుని చీటీ మీద వాడి పేరు రాస్తోంది.

ఆమె మాట్లాడుతోంది. ఏడాదిగా ఎవరూ వినని గొంతు. గరగరలాడుతోంది కానీ స్పష్టంగా ఉంది.

"తప్పిపోయింది నువ్వు కాదు నాయనా, మీ అమ్మ. పెద్దవాళ్లకి దారులు తెలియవు. మనం బుద్ధిగా ఇక్కడే కూర్చుంటే ఆవిడే దొరుకుతుంది."

పిల్లాడు వెక్కడం ఆపేశాడు.

పక్కనున్న వాలంటీరు అమ్మాయి నవ్వుతూ వచ్చింది. "మీరు ఈవిడ తాలూకా? ఇందాక ఏడుస్తున్న పాపను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారండీ. వచ్చీరాగానే బల్ల సర్దేశారు. ఆఫీసువాళ్లు పంపిన మనిషేమో అనుకున్నాం. ఇంత నిశ్శబ్దంగా ఈ గది ఏనాడూ లేదు."

 దర్జీ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డ డ్రైవరు బాబాయి, బళ్లోకి ఆలస్యంగా వచ్చినవాడిలా ఉన్నాడు.

టీచరమ్మ తలెత్తి కళ్లజోడు పైనుంచి పిచ్చుకను చూసింది.

"మీరు ఎవరి అమ్మ? ఇప్పుడా రావడం? పిల్లలు ఎంత బెంగపడతారో తెలుసా?"

"తప్పయిపోయిందండీ," అంది పిచ్చుక, నిజంగానే చేతులు కట్టుకుని. టీచరమ్మ కోటు పైబొత్తాం పెట్టే ఉంది. అది చూశాక భోరుమంది.

ముగ్గురు పిల్లల తల్లిదండ్రులూ వచ్చి తీసుకెళ్లేదాకా టీచరమ్మ కుర్చీ వదల్లేదు. బస్సెక్కాక మళ్లీ మాట లేదు. కిటికీలోంచి దీపాల వంక చూస్తూ కూర్చుంది, అంతే.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ కూతురు వచ్చింది. యాభై రెండేళ్ల మనిషి. అరికాలి మంట నెత్తికెక్కినట్టుంది.

"మా అమ్మని సంతలో పారేసి, ఇంకెవరినో ఎక్కించుకొచ్చారా? మీకు మనుషులంటే సామాన్లా?"

పిచ్చుక అడ్డు చెప్పలేదు. అంతా ఉన్నదున్నట్టు చెప్పింది. చెక్కగది దగ్గరికి వచ్చేసరికి కూతురు ముఖం మారిపోయింది.

"మాట్లాడిందా? అమ్మా?"

"మాట్లాడారండీ. ముగ్గురం విన్నాం."

టీచరమ్మ ఏమందో పిచ్చుక చెప్పింది. కూతురు కుర్చీలో కూలబడింది.

"చిన్నప్పుడు నేనొకసారి తప్పిపోయాను. నా వీపు విమానం మోత మోగింది. ఊళ్లో పిల్లలకేమో బుజ్జగింపులు!" నవ్వబోయింది, కుదర్లేదు.

అయినా ఫిర్యాదు రాసే వెళ్లింది. రాయాల్సిందే అని పిచ్చుక కూడా అనుకుంది. మేనేజరు హెచ్చరిక కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకుంది. ఆర్నెల్ల దాకా ఎవరినీ బయటికి తీసుకెళ్లకూడదు.

శనివారం కూతురే వచ్చి తల్లిని సంతకు తీసుకెళ్లింది. తోడుకు పిచ్చుకను రమ్మంది. చెక్కగదిలో అదే కుర్చీ వేసి ఇచ్చారు. గంటసేపు కూర్చుంది టీచరమ్మ. ఆ రోజు ఒక్క పిల్లాడూ తప్పిపోలేదు. ఆమె నోరు విప్పలేదు. కూతురు బెంచీ మీద ఎదురుగా కూర్చుని తల్లి పెదాల వంకే చూస్తూ ఉండిపోయింది.

"చలిగా ఉంది. పోదాం పదండి," అంది ఆఖరికి, కళ్లు తుడుచుకుంటూ.

లేవబోతున్న కూతురి చెయ్యి టీచరమ్మ గట్టిగా పట్టుకుంది. తన జేబులోంచి రుమాలు తీసింది. మడత విప్పి, కూతురి ముక్కు కింద పెట్టింది.

"గట్టిగా చీదు," అంది.

పిచ్చుకా, వాలంటీరు అమ్మాయీ నోరు తెరుచుకుని చూస్తుండగా, యాభై రెండేళ్ల కూతురు ఆ రుమాల్లో గట్టిగా చీదింది.