పత్యం కూడు

చిట్టమ్మ కోడలు తాయారుకి పత్యం పెట్టింది. పెట్టిందంటే పెట్టిందే, ఆవిడ మాటకి జాలరిపేటలో ఎదురు లేదు. గోంగూర పుండుని రేపుతుంది, వంకాయ దురద, బొప్పాయి వేడి, చేప తింటే చీము పడుతుంది. ఇంక మిగిలిందల్లా వెల్లుల్లి కారం, మెత్తటి అన్నం. రోజూ గంపెడు చేపలమ్మే ఇంట్లో తాయారు కంచంలో ఒక్క ముల్లు కూడా లేదు.

పుండని అబద్ధమాడింది తాయారే. పేటలో పెట్టిన వైద్యశిబిరంలో పరీక్ష చేయించుకుంటే గర్భసంచి ముఖద్వారం దగ్గర వైరస్ ఉందని తేలింది. డాక్టర్ అనూరాధ నెమ్మదిగానే చెప్పింది.

"ఇది క్యాన్సర్ కాదమ్మా. చాలామందిలో ఒంట్లో శక్తే దీన్ని తరిమేస్తుంది. ఆకుకూరలు, పళ్ళు బాగా తిను, దానికి కొంత సాయం కావచ్చు. తిండే మందనుకుని మాత్రం ఊరుకోకు. ఏడాది తిరిగాక మళ్ళీ పరీక్షకి రా. పోకుండా ఉండిపోతేనే ప్రమాదం."

అది ఆలుమగల కలయిక వల్ల వస్తుందనీ, ఎన్నేళ్ళ కిందట అంటుకుందో చెప్పలేమనీ, ఎవరినీ అనుమానించొద్దనీ కూడా చెప్పింది. ఆ మాట ఇంట్లో ఎలా చెప్పడం? గోడలకి చెవులుంటాయంటారు. పేటలో గోడలకి నోళ్ళు కూడా ఉన్నాయి. "లోపల పుండంట అత్తా" అని తేల్చేసింది తాయారు.

చిట్టమ్మది ప్రేమే. అదే మరీ నరకం. పళ్ళబండి దగ్గర తాయారు దొంగతనంగా బొప్పాయి ముక్క తింటుంటే చేతిలోంచి లాగి పారేసింది.

"సచ్చిపోతావే! నా కొడుకు సంద్రం మీద ఏట నుంచి ఒస్తే నానేటి సెప్పాల?"

తాయారుకి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. ఒళ్ళే ఇలా నీరసించిపోతుంటే ఆ వైరస్‌ని తరిమేదెవరు? భయం ముందు సిగ్గు ఓడిపోయింది. ఆ సాయంత్రం అత్తని వంటింట్లో కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

చిట్టమ్మ మొహం గట్టిపడింది. "ఎవులి కాడ్నుంచి ఒచ్చిందే?"

"నాను నీ కొడుకుని తప్ప ఎవుల్నీ ఎరగనత్తా."

"అయితే నా నాగబాబు తిరుగుబోతంటన్నావా?"

"నానెవుల్నీ అనట్లేదు. నాకు తిండి కావాలత్తా, అంతే."

మర్నాడు మధ్యాహ్నం మునగాకు కూర, చేపల పులుసు, బొప్పాయి ముక్కలు. తాయారు ప్రాణం లేచొచ్చింది. కానీ అవన్నీ వడ్డించింది వీధి గుమ్మం పక్కన, ఎవరూ వాడని సొట్ట పళ్ళెంలో. గ్లాసూ వేరే.

"కంచాలకీ గ్లాసులకీ అంటుకోదత్తా. డాక్టరమ్మ సెప్పింది."

"తిను," అంది చిట్టమ్మ దూరంగా నిలబడి. "బతకాల కదేటి."

పళ్ళెం వీధిలోకి విసిరికొట్టాలనిపించింది తాయారుకి. చెయ్యి పళ్ళెం అంచు దాకా వెళ్ళింది కూడా. ఆకలి ఒప్పుకోలేదు. ఏడుస్తూనే కలుపుకుంది, ఏడుస్తూనే ముల్లు తీసుకుంది. అన్నం అయిపోయాక పళ్ళెం చాచింది.

"ఇంకాస్త ఎయ్యత్తా."

చిట్టమ్మ వేసింది. గరిటె పళ్ళేనికి తగలకుండా, ఎత్తు నుంచి.