మంగళవారం మగ్గాలు

ట్రాంటర్ రగ్గుల మిల్లులో నెరిడా హోల్ట్‌ని మొదట్లో ఎవరూ ఇష్టపడలేదు. ఇష్టపడాల్సిన పనీ లేదనుకోండి. మెల్‌బోర్న్‌లో విమానమెక్కి, లాన్సెస్టన్‌లో దిగి, అద్దె కారులో లోయలోకి వచ్చి, తాతల నాటి నుంచీ రగ్గులు నేస్తున్నవాళ్లకి రగ్గులు ఎలా అమ్ముకోవాలో చెప్పే మనిషిని ఎవరు నెత్తిన పెట్టుకుంటారు? సముద్రం అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాళ్లంటే టాస్మేనియా దీవిలో మామూలుగానే గిట్టదు. అందులోనూ కన్సల్టెంటు.

మిల్లు యజమాని క్లెమ్ ట్రాంటర్ మాత్రం మర్యాదస్తుడు. అరవై దాటిన ఒంటిగాడు. ఆ మర్యాదతోనే నెరిడాకి పెద్ద చిక్కొచ్చిపడింది. అమ్మకాలెలా ఉన్నాయంటే "పర్లేదు" అనేవాడు. బ్యాంకువాళ్లేమంటున్నారంటే "ఏముంది, నడుస్తోంది" అనేవాడు. నది పొంగి రంగుల షెడ్డులోకి మోకాళ్ల లోతు నీళ్లొచ్చిన ఏడాది గురించి అడిగితే "కొంచెం తడిసింది" అన్నాడు. ఆ లోయలో అందరూ అంతే. కాలు విరిగినవాడు కూడా, చూసేవాళ్లకి ఇబ్బందిగా ఉంటుందని తిన్నగా నడవబోతాడు.

ఆఫీసు గది క్లెమ్ అక్క బెరిల్‌ది. ఫోన్లూ ఆర్డర్లూ అన్నీ ఆవిడ చేతిమీదే నడిచేవి. ఆవిడకి తమ్ముడంత మర్యాద లేదు.

"ఇంకా ఎన్ని ప్రశ్నలున్నాయమ్మాయ్?" అంది రెండో వారమే. "మా చర్చి పాస్టర్ నా పెళ్లికి కూడా ఇన్ని అడగలేదు. అడిగుంటే బాగుండేది, అది వేరే సంగతి."

ఆ సాయంత్రం నెరిడా తన పైఅధికారి రసెల్‌కి ఫోన్ చేసి, ఈ పని తేలేలా లేదని చెప్పింది. రసెల్ నవ్వాడు.

"నువ్వు మరీ ఇస్త్రీ చొక్కాలా ఉంటావు నెరిడా. వాళ్ల ముందు కాస్త నలుగు. ముందు నీ దెబ్బ చూపించు, తర్వాత వాళ్లే చూపిస్తారు. శిక్షణలో చెప్పింది అదే కదా?"

శిక్షణలో చెప్పింది అదే. కొండ మీద రిసార్టులో రెండు రోజులపాటు అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, మనసు విప్పితేనే క్లయింటు దగ్గరవుతాడని నేర్పారు. మెల్‌బోర్న్‌లో ఇప్పుడు కళ్లనీళ్లు పెట్టుకోవడానికి కూడా తరగతులున్నాయి, చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తారు. నెరిడాకి ఆ రెండు రోజులూ ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆమెకి నిజంగానే దెబ్బ తగిలి ఉంది, దాన్ని ఎవరికీ చూపించే ఉద్దేశం ఆమెకి లేదు.

చివరికి చూపించింది. ఒక మంగళవారం, బయట వాన, టీ గదిలో క్లెమ్ ఒక్కడే ఉన్నాడు. బల్లారట్‌లో ఒక బూట్ల ఫ్యాక్టరీకి తను ఇచ్చిన సలహా బెడిసికొట్టి ఆ ఫ్యాక్టరీ మూతపడిందని చెప్పింది. అంతవరకే చెప్పి ఆపాలనుకుంది. కానీ ఆయన టీ కప్పు కింద పెట్టి, ఏమీ అనకుండా, తొందరపడకుండా వింటుంటే ఆమె నోరు ఆగలేదు. ఆ యజమాని వీధిలో కనబడితే ముఖం తిప్పుకోవడం, ఆ చలికాలమంతా తను మంచం దిగకపోవడం, భర్త విసిగి వెళ్లిపోవడం, ఇక బతకడం ఎందుకనుకున్న ఒక సాయంత్రం, అన్నీ చెప్పేసింది.

"మా చెల్లెలు ఆ పూట రాకపోయుంటే నేనిప్పుడు ఇక్కడ లేను" అంది.

క్లెమ్ లేచి ఆమె కప్పులో మళ్లీ టీ పోశాడు. తర్వాత, మొట్టమొదటిసారిగా, తన సంగతి చెప్పాడు. బ్యాంకు ఉత్తరాలు విప్పకుండా సొరుగులో పడేస్తున్నానన్నాడు. తాత కట్టిన మిల్లుని మూసేసిన ట్రాంటర్‌ని తనే అవుతానేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదన్నాడు. రసెల్ చెప్పినట్టే జరిగిందని నెరిడాకి ఆ క్షణంలోనే అనిపించింది, అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం కూడా వేసింది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. పాత హోటళ్లకీ, కొండ మీద బసలకీ, ఊళ్లలో చిన్నచిన్న కొట్లకీ బరువైన తెల్ల రగ్గులు నేసి అమ్మడం మానేయమంది నెరిడా. సిడ్నీలో ఒక పెద్ద దుకాణాల కంపెనీకి పల్చటి రంగుల రగ్గులు నేయమంది. ఆ బేరం తనే కుదిర్చింది. బెరిల్ పెదవి విరిచింది గానీ క్లెమ్ సరేనన్నాడు. మొదటి సరుకు వెళ్లింది, డబ్బు వచ్చింది. మిల్లులో నవ్వులు వినబడ్డాయి.

కన్సల్టెంటుగా ఆమె పని అక్కడితో అయిపోయింది. కానీ లాన్సెస్టన్‌లో ఇంకో కంపెనీ పని ఉండటంతో ప్రతి మంగళవారం మిల్లుకి వచ్చిపోయేది. వస్తే మాంసం సూప్ ఉండేది. బెరిల్ చేసిన కేకు ఉండేది. క్లెమ్ తలుపు దగ్గరే ఎదురొచ్చి, "తిన్నావా? నిద్ర పడుతోందా? ముఖం పీక్కుపోయింది" అని అడిగేవాడు. తండ్రి పోయాక ఆమెని అలా అడిగినవాళ్లు లేరు.

"ఆర్డర్లెలా ఉన్నాయి క్లెమ్?" అని ఆమె అడిగితే, "నువ్వేం దిగులుపడకు తల్లీ. మగ్గాలు వినపడటం లేదా?" అనేవాడు.

వినపడేవి. వంతెన దగ్గరికి వచ్చేసరికే మొత్తం మరమగ్గాల మోత వినపడేది. వాకిట్లో లారీకి కట్టలు ఎక్కిస్తూ మనుషులు కనపడేవాళ్లు. అమ్మకాల కాగితాలు చూపించమని అడగాలని ఒకటి రెండుసార్లు అనుకుంది. అంత ఆప్యాయంగా సూప్ పోసే మనిషిని లెక్కలు చూపించమంటే నమ్మకం లేనట్టుంటుందని ఊరుకుంది. ఆ మాట అడగడానికే ఒకప్పుడు ఆమెకి జీతం ఇచ్చేవాళ్లు.

జూలైలో, అంటే అక్కడ నడి చలికాలంలో, రసెల్ పిలిచాడు. సంస్థ వార్షిక సభలో ట్రాంటర్ మిల్లు కథ చెప్పమన్నాడు. "నమ్మకం అంటే ఏమిటో మనవాళ్లకి చూపించాలి. వీలైతే ఆ పెద్దాయన్ని కూడా తీసుకురా. స్టేజీ మీద ఆయన నాలుగు మాటలు మాట్లాడితే చాలు." నెరిడాకి సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. ఫోన్‌లో అడిగితే క్లెమ్ తప్పించుకుంటాడని, చెప్పకుండా గురువారం పొద్దున్నే బయలుదేరింది.

లోయంతా మంచు. వంతెన దాటింది, ఏమీ వినపడలేదు. కారు అద్దం దించింది. నది చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఆఫీసులో బెరిల్ కోటు విప్పకుండానే కూర్చుని ఉంది. హీటర్ వేయలేదు.

"ఇవాళ గురువారం" అంది బెరిల్.

"తెలుసు. ఊరికే వచ్చాను. మగ్గాలేమయ్యాయి? కరెంటు పోయిందా?"

"కరెంటుకేం, నిక్షేపంలా ఉంది." బెరిల్ కళ్లద్దాలు తీసి కాసేపు కళ్లు నులుముకుంది. "పద. ఇక నా వల్ల కాదు."

పాత ఉన్ని షెడ్డు తలుపు ఇద్దరూ కలిసి తోస్తేగానీ తెరుచుకోలేదు. లోపల నేల నుంచి దూలాల దాకా రగ్గుల కట్టలు. నీలివి, ఆకుపచ్చవి, గులాబీవి, సిడ్నీ కోసం నేసినవన్నీ. మధ్యలో మనిషి నడవడానికి కూడా దారి లేదు.

"ఏప్రిల్‌లోనే వద్దన్నారు సిడ్నీవాళ్లు. ఇంకెక్కడో చవగ్గా దొరికాయట. ఈమెయిల్‌లో నాలుగు ముక్కలు రాసి పడేశారు."

"ఏప్రిల్‌లోనా? మరి నేనొచ్చినప్పుడల్లా..."

"నువ్వొచ్చేది మంగళవారమేగా. మంగళవారం అందరూ పనిలోకొస్తారు. మిగతా రోజుల్లో ముగ్గురో నలుగురో."

"లారీకి సరుకెక్కిస్తుంటే చూశాను బెరిల్. నా కళ్లతో చూశాను."

"చూస్తావు మరి, చూడ్డానికేగా ఎక్కించింది. లారీవాడు వంతెన దాకా వెళ్లి చెట్ల చాటున ఆపుకుంటాడు. నీ కారు వెళ్లాక వెనక్కొచ్చి ఇక్కడ దించుతాడు. ఊరందరికీ తెలుసు. పబ్‌లో నీకు గుల్లమాంసం కూరిన స్కాలప్ పై రొట్టె పెడతాడే, వాడికీ తెలుసు. నీ దగ్గర నోరు విప్పొద్దని క్లెమ్ అందరి చేతా మాట తీసుకున్నాడు."

నెరిడా ఒక కట్ట మీద కూలబడింది. "ఎందుకు?" అంది. అడుగుతుండగానే ఆమెకి అర్థమైపోయింది.

"ఎందుకా? నీకేమన్నా అవుతుందని!" బెరిల్ గొంతు లేచింది. "నేను ఫోన్ చేయబోయాను. ఒక్కసారి కాదు. 'రెండోసారి కూడా తన సలహా మునిగిందని తెలిస్తే ఆ అమ్మాయి బతుకుతుందా? ఆ పాపం నువ్వు మోస్తావా?' అన్నాడు. ఆ మాటన్నాక నేనేం చేయను? చెప్పు, నువ్వయితే ఏం చేస్తావు?"

నెలాఖరుకి మిల్లు బ్యాంకు చేతిలోకి పోతుందని కూడా అక్కడే, ఆ రంగుల మధ్యే బెరిల్ చెప్పింది. పాత హోటళ్లన్నీ చలికాలం సరుకు మే నెలలో కొంటాయి. ఏప్రిల్‌లో అడిగుంటే ఇక్కడే కొనేవి. ఇప్పుడు వేరేవాళ్ల దగ్గర కొనేశాయి. దీనికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు, కన్సల్టెంటు అసలే అక్కర్లేదు.

క్లెమ్ మగ్గాల షెడ్డులో ఉన్నాడు. ఆగిపోయిన మగ్గానికి నూనె వేస్తున్నాడు. ఆమెని చూసి, తప్పు చేస్తూ దొరికిన పిల్లాడిలా నూనె డబ్బా వెనక్కి పెట్టుకున్నాడు. ఆ వెంటనే ఆమె ముఖంలోకి కంగారుగా చూశాడు.

"బెరిల్ చెప్పేసిందా? నువ్వు... నువ్వు బాగానే ఉన్నావా తల్లీ? కూర్చో. ముందు కూర్చో."

"నా సంగతి వదిలేయండి!" నెరిడా ఆయన మీద అరవడం అదే మొదటిసారి. "నా కథ చెప్పింది మీరు నాతో మాట్లాడాలని, క్లెమ్. నా దగ్గర దాస్తారని కాదు!"

"అరవకు, ఆయాసం వస్తుంది."

"మీకింకో సంగతి తెలుసా? ఆ రోజు నేను మీకు చెప్పింది మా ఆఫీసువాళ్లు చెప్పమంటే. మీరు దగ్గరవుతారని. అదొక పద్ధతి. మాకు నేర్పుతారు."

క్లెమ్ నుదురు ముడిపడింది. "అయితే అబద్ధమా అదంతా?"

"కాదు." ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. "ప్రతి ముక్కా నిజమే."

"నిజమేగా. మరి ఎవరు చెప్పమంటే ఏముందిలే" అన్నాడాయన, ఆమెని ఓదారుస్తున్నట్టు. ఆ ఓదార్పు నెరిడా భరించలేకపోయింది. ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఆమె ఏడుపు ఆగేదాకా ఆయన పక్కనే నిలబడ్డాడు, ముట్టుకోకుండా, ఎటూ పోకుండా.

తర్వాత, నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అడిగాడు. "ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పు. ఏప్రిల్‌లోనే నీకు చెప్పుంటే మిల్లు దక్కేదా?"

దక్కేది కాదనడం ఎంత సులువు. ఒక్క మాట చాలు, ఆ మాటతో ఆ మనిషి ఇవాళ రాత్రి నిద్రపోతాడు. కానీ ఈ లోయలో ఏప్రిల్ నుంచీ అందరూ ఒకరికొకరు అలాంటి మాటలే చెప్పుకుంటున్నారు. ఒక్కరైనా ఈయనకి నిజం చెప్పాలనుకుంది నెరిడా.

"సగం దక్కేది, క్లెమ్. పాత హోటళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లం. సగం మగ్గాలు నిలిచేవి."

ఆయన తలూపాడు. కళ్లు మగ్గం మీదే ఉన్నాయి. వెనక్కి రెండడుగులు వేసి బల్ల మీద కూర్చున్నాడు. ఆయన అంత ముసలివాడని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

"అనుకున్నాను" అన్నాడు. "నేనే తీశానన్నమాట మిల్లు ప్రాణం." బల్ల అంచు పట్టుకుని, "మా అక్కకి మాత్రం చెప్పకు. చెప్దాం చెప్దామని అది మొదట్నుంచీ మొత్తుకుంది. ఈ సంగతి తెలిస్తే నన్నేమీ అనదు. నా మాట విన్నందుకు తన్ను తనే తిట్టుకుంటూ కూర్చుంటుంది. ఆ మాట ఇవ్వు నాకు" అన్నాడు.

నెరిడా మాట ఇచ్చింది.

వాకిట్లో కారు దగ్గర బెరిల్ నిలబడి ఉంది. మంచు ఇంకా వీడలేదు. కారు అద్దం మీద పేరుకున్న మంచుని చేతిరుమాలుతో తుడుస్తోంది. నెరిడా దగ్గరికి రాగానే రుమాలు జేబులో పెట్టుకుంది.

"అడిగాడా?"

"ఏమిటి?"

"ముందే నీకు చెప్పుంటే దక్కేదా అని. నెల నుంచీ నన్ను రోజూ అదే అడుగుతున్నాడు. ఎప్పుడు చెప్పినా దక్కేది కాదురా, సిడ్నీవాళ్లు వద్దన్నప్పుడే అంతా అయిపోయింది అని చెప్తూ వస్తున్నాను. సగమైనా దక్కేదని నాకు తెలియక కాదు." బెరిల్ షెడ్డు వైపు చూసి గొంతు తగ్గించింది. "నువ్వేం చెప్పావు?"

నెరిడా ఆవిడ ఎర్రబడ్డ కళ్లలోకి చూసింది.

"నేనూ అదే చెప్పాను" అంది.

బెరిల్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ అలా పట్టుకోవడం ఎప్పుడూ లేదు.

"మంచి పని చేశావమ్మా. వాడు తట్టుకోలేడు."

అని, కోటు బొత్తాలు పెట్టుకుని, తమ్ముడి కోసం మగ్గాల షెడ్డులోకి వెళ్లింది.