బాణానికి రెండో దారి

ఆదివారం ఉదయం ఒక చేతిలో ఉప్మా ప్లేటు, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని బాల్కనీలో నిలబడి ఎవరికో ఒకరికి దారి చెప్పడం సదాశివరావుగారికి పూజతో సమానం. ఉప్మా చల్లారినా ఫరవాలేదు కాని, దారి అడిగినవాణ్ణి సగంలో వదిలేయడం మాత్రం ఆయనకు చేతకాదు.

"హైవే ఎక్కారా? అచ్ఛా. కాసేపట్లో వైశాలి అని పచ్చ బోర్డు వస్తుందండి. దాన్ని చూడండి గాని నమ్మకండి. బాణం ఎటు చూపిస్తే మీరు దానికి రెండో దారి పట్టండి. అంతే, తిన్నగా మా గేటు ముందుంటారు."

అవతలివాళ్లు నవ్వేవారు. ఆ నవ్వు కోసమే ఆయన అలా చెప్పేవారు. "ఎడమ పక్క దారిలో దిగండి" అంటే పని అయిపోయేది. కాని అందులో పస ఏముంది?

సంగతేమిటంటే, హైవే అక్కడ రెండుగా చీలుతుంది. ఎడమ దారి కిందికి దిగి సదాశివరావుగారు ఉండే వైశాలి కాలనీకి వస్తుంది. నేరుగా పోయే దారి పైకెక్కి, మళ్లీ ఎక్కడా దిగనివ్వకుండా, ఎంతో దూరాన ఉన్న టోల్ గేటు దాకా లాక్కుపోయి గాని వదలదు. బోర్డు మీద బాణం మాత్రం ఏళ్ల తరబడి వైశాలికి నేరుగా పొమ్మంటోంది. ఫోన్లో మ్యాప్ కూడా ఆ చీలిక దగ్గర తికమకపడి, దాటాక గాని నోరు విప్పదు.

ఆ రోడ్డు మీద వింత అదొక్కటే కాదు. వైశాలి మూడు కిలోమీటర్లని ఒక బోర్డు చెబితే, కాస్త ముందుకు పోయాక ఇంకోటి ఐదంటుంది. యూ టర్న్ గుర్తు పెట్టినచోట గోడ ఉంటుంది. "ప్రమాద స్థలం, నెమ్మదిగా వెళ్లండి" అన్న బోర్డునైతే ఎప్పుడో ఏ లారీయో గుద్దేసి పోయింది. అది ఒరిగి పడుకునే అందరికీ జాగ్రత్తలు చెబుతోంది. ఇలాంటివి మనమూ రోజూ చూస్తాం, నవ్వుకుంటాం, పోతాం. సదాశివరావుగారూ అంతే. దేశ రాజధానిలోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఆయన మామూలు సెక్షన్ ఆఫీసరు. అక్కడ ఆయన్ని అడిగేవాడు లేడు. ఇక్కడ మాత్రం ఆయన్ని అడగకుండా తెలుగువాడెవడూ వైశాలి చేరలేడు. అందుకే ఆ తప్పు బోర్డు మీద ఆయనకు లోలోపల కొంత మమకారం కూడా ఉండేది.

ఒక్కగానొక్క కూతురు హాసిని నోయిడాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తోంది. ఒకసారి ఆ అమ్మాయి, "డాడీ, కంప్లెయింట్ కర్ దేతే హై నా," అంది, ఫిర్యాదు పెట్టేద్దామని.

"ఎందుకమ్మా? పెద్ద ఊళ్లో ఇలాంటివి వంద ఉంటాయి. మనమే సర్దుకుపోవాలి. అయినా నేను ఉన్నాను కదా చెప్పడానికి," అన్నారాయన.

అలా సర్దుకుపోవడం వల్ల ఆయన ఇంట్లోనే ఒక చిక్కు వచ్చింది. మూడేళ్ల కిందట సత్యనారాయణ వ్రతానికి ఆయన అక్కగారు లీలావతి, బావగారు కేశవరావు కారులో బయలుదేరారు. కేశవరావుగారు పదవీ విరమణ చేశాక ఊళ్లోనే కటవారియా సరాయ్‌లో ఉంటూ, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు పాఠాలు చెబుతారు. రాసి ఉన్నది రాసి ఉన్నట్టు చదవాలన్నది ఆయన నిత్యం చెప్పే మాట. ఆయన బావమరిదిని దారి అడగలేదు. బోర్డు చదివారు, నేరుగా పోయారు, టోల్ గేటు చూశారు. వాళ్లు ఇల్లు చేరేసరికి వ్రతం ముగిసి, భోజనాలై, అందరూ తాంబూలాలు అందుకుంటున్నారు.

ఎండలో తిరిగి తిరిగి వచ్చిన బావగారిని చూసి సదాశివరావుగారు అందరి ముందూ పకపకా నవ్వారు. "గవర్నమెంటు బోర్డును నమ్ముకుని ఎవరైనా వస్తారా బావగారూ?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. కేశవరావుగారు ప్రసాదం దొన్నె బల్ల మీద పెట్టి, భార్యను తీసుకుని వెళ్లిపోయారు. ఆ తరువాత ఆ ఇంటి గడప తొక్కలేదు. అక్కగారు పండక్కీ పబ్బానికీ ఫోను చేస్తుంది గాని, రమ్మంటే మాట మార్చేస్తుంది.

ఇన్నాళ్లకు సదాశివరావుగారు ఆ కాలనీలోనే సొంత ఫ్లాటు కొనుక్కున్నారు. గృహప్రవేశానికి ఆదివారం పదిన్నరకు ముహూర్తం కుదిరింది. గృహప్రవేశమంటే కొత్త పొయ్యి మీద పాలు పొంగించాలి. పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. ఆయనకున్నది ఒక్క అక్క.

భార్య అనసూయ స్వయంగా కటవారియా సరాయ్ వెళ్లి, వదినగారికి బొట్టు పెట్టి పిలిచి వచ్చింది.

"ఏమన్నారు?" అని ఆత్రంగా అడిగారు సదాశివరావుగారు.

"అన్నయ్యగారు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, చూద్దాంలెమ్మా అన్నారండి."

ఆ కార్డులో అడ్రసు కింద సదాశివరావుగారు దగ్గరుండి వేయించిన ముక్క ఒకటుంది. "గమనిక: హైవేపై వైశాలి బోర్డు బాణం ఎటు చూపిన, దానికి రెండవ దారిన రావలెను." ప్రెస్సువాడు నవ్వాడని రెండు రోజులు చెప్పుకుని మురిసిపోయారు.

హాసిని ఆ ముక్క చూసి, "డాడీ, ఆ బోర్డు..." అని ఏదో చెప్పబోయింది.

"నువ్వు ఆగమ్మా. దారి సంగతి నాకు వదిలెయ్," అన్నారాయన. ఆఫీసుకు మెట్రోలో పోయి మెట్రోలో వచ్చే మనిషి. ఆ హైవే మొహం చూసి చాలా నెలలైందన్న సంగతి ఆయనకు గుర్తు లేదు. పిల్ల మళ్లీ మొదలుపెట్టబోతే షామియానావాడు ఫోను చేశాడు. ఇక ఆ మాట అక్కడే ఆగిపోయింది.

గృహప్రవేశం నాడు తొమ్మిదిన్నరకు గుమ్మానికి తోరణం కట్టారు. పదయింది. పురోహితుడు శాస్త్రిగారు రాలేదు. చుట్టాలు రాలేదు. టిఫిన్ల వ్యానూ రాలేదు. సదాశివరావుగారు ఖాళీ కుర్చీల మధ్య అటూ ఇటూ తిరిగారు. అక్కయ్య ఎలాగూ రాదేమోనని రాత్రంతా బెంగపెట్టుకున్నారు గాని, మొత్తం ఊరే రాకుండా పోతుందని అనుకోలేదు.

ఫోను మోగింది.

"నాయనా, నేను టోల్ గేటు దగ్గరున్నాను," అన్నారు శాస్త్రిగారు నీరసంగా. "మీ ఆఫీసు భీమేశ్వరరావుగారూ, ఆయన ఇల్లాలు భానుమతమ్మగారూ నా పక్కనే ఉన్నారు. మీ ఇడ్లీల వ్యానూ ఇక్కడే ఉంది. ఇంకా ఐదారు కార్లున్నాయి. అందరి చేతుల్లోనూ మీ కార్డే."

"అదేంటండీ? బాణం ఎటు చూపించింది?"

"ఎడమకి."

"ఎడమకా? మరి ఎడమకి తిరక్కపోయారా?"

"రెండో దారిన రావలెనని అచ్చు వేశారు కదా నాయనా," అన్నారు శాస్త్రిగారు.

హాసిని తండ్రి చేతిలోంచి ఫోను తీసుకుని, వెనక్కి ఎలా రావాలో హిందీలో వ్యాను డ్రైవరుకు చెప్పి, తరువాత తండ్రి వైపు తిరిగింది.

"అదే చెప్దామనుకున్నా డాడీ. బోర్డు లాస్ట్ వీక్ మార్చేశారు. నేనే కంప్లెయింట్ పెట్టా."

"ఎప్పుడు?"

"లాస్ట్ ఇయర్. మొదట మా పరిధి కాదన్నారు. తరువాత సమస్య పరిష్కారమైంది అని మెసేజ్ పెట్టారు. వెళ్లి చూస్తే బోర్డును నీళ్లతో కడిగి పోయారు. తప్పు బాణం ఇంకా క్లియర్‌గా కనిపించింది. మళ్లీ పెట్టా. మళ్లీ క్లోజ్ చేశారు. మళ్లీ ఫొటో తీసి పెట్టా."

"నీకెందుకమ్మా అంత పట్టింపు?"

హాసిని తోరణం సర్దుతూ అంది. "అత్తయ్య మన ఇంటికి రావడం మానేసింది ఆ బోర్డు వల్లే కదా డాడీ. మిమ్మల్ని నవ్వకుండా ఆపడం నా వల్ల కాలేదు. అందుకని బోర్డు మార్పించా."

సదాశివరావుగారు కుర్చీలో కూలబడ్డారు. గోడ గడియారం చూస్తే పదీ ఇరవై. బోర్డు తప్పుగా ఉన్నప్పుడు ఒక్క బావగారే దారి తప్పారు. బోర్డు ఒప్పయ్యాక తన మాట విన్న ప్రతివాడూ దారి తప్పాడు. ఆ నవ్వు ఇప్పుడు ఎవరి మొహాన నవ్వాలో ఆయనకు తోచలేదు.

అప్పుడు లిఫ్టు తలుపు తెరుచుకుంది. ముందు లీలావతి, వెనక కొత్త ఇత్తడి గిన్నె పట్టుకుని కేశవరావుగారు నడిచి వచ్చారు.

"ఏరా సదాశివా, ఎవరూ రాలేదేంట్రా?" అంది అక్కగారు.

ఆయన తడబడుతూ లేచారు. "మీరు... మీరెలా వచ్చారు బావగారూ?"

"బోర్డు చూసుకుని," అన్నారు కేశవరావుగారు. "నీ కార్డు చదివాను. ఈ జన్మలో నువ్వు చెప్పిన దారిన మాత్రం వెళ్లకూడదని బయలుదేరేటప్పుడే అనుకున్నాను. బాణం ఎడమకంది. ఎడమకే తిరిగాం."

అనసూయ ఆనందం పట్టలేక వదినగారి చేతులు పట్టుకుంది. ముహూర్తానికి ఇంకెంతో సమయం లేదు. హాసిని ఫోనును స్పీకరులో పెట్టి పొయ్యి పక్కన నిలబెట్టింది. లీలావతి తెచ్చిన గిన్నెలో పాలు పోసి పొయ్యి వెలిగించింది. అవతల లారీల హారన్ల మధ్య శాస్త్రిగారు గొంతు సవరించుకుని సంకల్పం మొదలుపెట్టారు. సంకల్పంలో మనం ఏ దేశంలో, ఏ చోట ఉన్నామో చెప్పుకోవాలి కదా. అక్కడికొచ్చి ఆయన ఆగిపోయారు.

"నాయనా, నేనున్న చోటు చెప్పాలా, మీరున్న చోటు చెప్పాలా?"

"పాలు పొంగే చోటు చెప్పండి శాస్త్రిగారూ," అన్నారు కేశవరావుగారు.

పాలు పొంగాయి. "భయ్యా, హార్న్ మత్ బజావో," అని ఎవరినో కసిరి శాస్త్రిగారు ఆశీర్వచనం చెప్పారు. అక్కగారు పొంగిన పాలను చూసి కళ్లొత్తుకుంటే సదాశివరావుగారు పక్కకు తిరిగి తానూ ఒత్తుకున్నారు.

పదకొండున్నరకు అందరూ ఒక్కసారిగా దిగారు. ఆకలితో, చెమటతో, చేతుల్లో కార్డులతో హాలు నిండిపోయింది. ఆ మొహాలు చూస్తే సదాశివరావుగారికి మూడేళ్ల నాటి బావగారి మొహం గుర్తొచ్చింది. ఆయన అందరి ముందూ కేశవరావుగారి దగ్గరికి వెళ్లారు.

"బావగారూ, ఆ రోజు నేను నవ్వి ఉండకూడదు. ఇవాళ మీ వంతు. కడుపారా నవ్వండి."

కేశవరావుగారు నవ్వలేదు. తమ పక్క కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"నవ్వితే ఏమొస్తుందయ్యా? తప్పు నీ ఒక్కడిదీ కాదు. ఆ రోజు దారి తప్పినవాణ్ణి నేను. మూడేళ్లు నీ మీద కోపం పెంచుకున్నాను గాని, ఆ బాణం సరిచేయమని ఒక్క ముక్క రాశానా? పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. నాకూ తోచలేదు. తప్పును తప్పించుకు తిరగడం నువ్వు తెలివనుకున్నావు. దాన్ని తిట్టుకోవడం నేను పౌరుషమనుకున్నాను. ఇందాక వాళ్ల అత్తయ్యకు చెబుతుంటే విన్నాను, మనిద్దరికంటే నీ కూతురు నయం. దిద్దమని అడిగింది. దిద్దేదాకా అడిగింది."

అంతలో సదాశివరావుగారి ఫోను మోగింది. ఇంకా రోడ్డు మీదే ఉన్న మేనల్లుడి వరస పృథ్వీరాజ్.

"అంకుల్, హైవే మీద పక్కకు ఆపాను. బోర్డు ఎడమకి అంటోంది, మీ కార్డేమో..."

అందరూ సదాశివరావుగారి వైపు చూశారు.

"కార్డు పక్కన పడెయ్ బాబూ. బోర్డు చూసి రా," అన్నారాయన. తరువాత గొంతు తగ్గించి అన్నారు. "నువ్వు వచ్చే దారిలోనే ప్రమాద స్థలం అన్న బోర్డు ఒరిగిపోయి కనిపిస్తుంది. అక్కడ ఆగకు, ప్రమాదం. రేపు నేనూ హాసినీ వెళ్లి ఫొటో తీసుకుంటాం. దానికి కంప్లెయింట్ నేను పెడతాను."

హాసిని ఇడ్లీ ప్లేటు తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. ఆ పూట ఆయన దాన్ని వేడివేడిగానే తిన్నారు.

తప్పు గుర్తును దాటిపోవడం నేర్చుకున్నవాడు తానొక్కడే ఇల్లు చేరతాడు. దాన్ని సరిచేయమని పట్టుబట్టినవాడు తన వెనక వచ్చేవాళ్లందరినీ ఇల్లు చేరుస్తాడు.