మణికట్టు పాఠం

మంగతాయారుకి బంతి దొర్లించడం ఎప్పుడో వచ్చేసింది. రానట్టు నటించడమే ఇప్పుడు ఆమెకు పెద్ద పనైపోయింది.

వాళ్ళుండే పరదేశపు ఊరు వెర్రిబీలో ఇటాలియన్ల క్లబ్బు ఒకటుంది. శనివారం మధ్యాహ్నాలు అక్కడ బోచీ ఆడతారు. సన్నటి ఇసుక పరిచిన పొడుగాటి బాట, అటూ ఇటూ చెక్కలు. ముందు ఓ చిన్న బంతిని వేసి, కిలో బరువుండే పెద్ద బంతుల్ని దాని పక్కకి చేర్చాలి. మన గోళీలాటకి పెద్దన్న అనుకోండి. నెమ్మదిగా దొర్లించవచ్చు, జోరుగా వదిలి ఎదుటివాళ్ళ బంతిని కొట్టి తప్పించవచ్చు, చెయ్యి తిరిగినవాళ్ళైతే గాల్లోకి ఎత్తి కూడా వేస్తారు. ఎవరికైనా మొదట నేర్పేది దొర్లించడమే. కాస్త బుర్రున్న మనిషికి నెల పట్టదు. తాయారు మాత్రం చలికాలమంతా నేర్చుకుంటూనే ఉంది.

నేర్పేది సుందరరామయ్య. ఆమె మొగుడే. కాకపోతే ఆ సంగతి ఆయనకు తెలియదు.

తణుకులో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాక, ఆయనా తాయారూ ఇక్కడ కూతురు సాయిప్రియ దగ్గరికి వచ్చేశారు. పక్క వీధిలో ఉండే డొమెనికో అనే ముసలాయన ఓ రోజు మాస్టార్ని క్లబ్బుకి వెంటబెట్టుకెళ్ళాడు. జన్మంతా కాలీఫ్లవర్ పండించిన మనిషి. ఈయన ఇంగ్లీషు ఆయనకు సగం, ఆయనది ఈయనకు సగం అర్థమయ్యేది. చేతిలో బంతి ఉంటే ఇక మాటలతో పనేముంది? కొన్నాళ్ళకి క్లబ్బులో కొత్తగా చేరేవాళ్ళందరికీ మన మాస్టారే మాస్టారు.

ఆ తరువాత మతిమరుపు మొదలైంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోయినన్నాళ్ళు ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. ఇల్లు మర్చిపోయి ఎవరి గేటో తెరుచుకుని లోపలికి వెళ్ళిన రోజు నవ్వులు ఆగిపోయాయి. ఒక పొద్దున తాయారు చొక్కా గుండీలు పెట్టబోతే ఆయన చెయ్యి విదిలించుకుని, "ఎవరండీ మీరు? పరాయి మగాడి మీద చెయ్యి వేస్తారేంటి? మా ఆవిడ చూస్తే ఏమనుకుంటుంది?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె వంటింట్లోకి పోయి రెండూ చేసింది.

ఆ రోజు నుంచి స్నానం, బట్టలు అన్నీ అల్లుడు ప్రశాంతే చూస్తున్నాడు. తాయారు పడక మనవరాలి గదిలోకి మారింది. కంచంలో వడ్డించి దూరంగా నిలబడుతుంది. దగ్గరికి వెళితే ఆయన మర్యాదగా కుర్చీ వెనక్కి జరుపుకుంటారు. ఆ మర్యాద చూస్తే ఆమెకు ఒళ్ళు మండిపోతుంది, మరుక్షణమే ఏడుపొస్తుంది. తిట్టినా బాగుండేది కదా అనిపిస్తుంది.

క్లబ్బులో మాత్రం ఆయన చేతులు ఏమీ మర్చిపోలేదు. ఒక శనివారం ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన తాయారు, కాళ్ళ దగ్గరికి దొర్లుకొచ్చిన బంతిని తీసి వెనక్కి గిరాటేసింది. అది చెక్కకి కొట్టుకుంది. అంతే, ఆయన గబగబా వచ్చారు.

"అలా కాదమ్మా. ఇటివ్వు చెయ్యి," అంటూ ఆమె మణికట్టు పట్టుకున్నారు. "ఇది తిప్పకూడదు. మోకాలు వంచు. ఇంకా వంచు. బంతిని విసరకు, నేల దగ్గరికి తెచ్చి వేళ్ళు తెరువు. అదే పోతుంది."

ఇన్నేళ్ళ కాపురంలో నలుగురి ముందూ పెళ్ళాం చెయ్యి పట్టుకుని ఎరగడు మహానుభావుడు. సినిమా హాలు చీకట్లో కూడా పట్టుకోలేదు. ఇప్పుడు పట్టుకున్నారు, అమ్మా అని పిలుస్తూ. కట్టుకున్నవాడి నోట ఆ పిలుపు వింటే ఏ ఆడదానికైనా ఎలా ఉంటుంది? అయినా తాయారు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఎలా తీసుకుంటుంది చెప్పండి!

అప్పటి నుంచి ప్రతి శనివారం వస్తోంది. బంతి వదిలే ముందు సరిగ్గా మణికట్టు తిప్పేస్తుంది. బంతి వంకర పోతుంది. ఆయన వచ్చి చెయ్యి పట్టుకుంటారు. ఆ కాసేపటి కోసమే ఆమెకు వారమంతా గడుస్తోంది. ఆయన లోపలికి కాఫీకి వెళ్ళినప్పుడు సరదాకి ఓ బంతి సరిగ్గా వేసి చూసుకుంటే, పోయి చిన్న బంతి పక్కనే ఆగేది. డొమెనికో అది చూశాడు. చూసి కూడా చూడనట్టు మీసం దువ్వుకున్నాడు, మంచివాడు.

ఒక ఆదివారం పొద్దున సాయిప్రియ తల్లిని వంటింట్లో పట్టుకుంది.

"అమ్మా, నువ్వు గమనించావా? సాటర్డే వచ్చిందంటే నాన్న సరిగ్గా తినట్లేదు. మిగతా డేస్ ఓకే. క్లబ్‌లో ఎవరైనా ఏమైనా అంటున్నారా?"

"ఆయన్ని ఎవరంటారే? అందరికీ గౌరవమే."

"మరి ఎందుకంత డల్‌గా వస్తున్నారు? జీపీ డాక్టర్ చెప్పింది కదమ్మా, జరిగింది మర్చిపోతారు కానీ ఆ ఫీలింగ్ మాత్రం అలాగే ఉండిపోతుందని. అక్కడ ఏదో అప్సెట్ చేస్తోంది ఆయన్ని."

తాయారు తరుగుతున్న బీరకాయ పక్కన పెట్టి, కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది.

మరుసటి శనివారం మామూలుగానే బంతి తీసుకుంది, మామూలుగానే మణికట్టు తిప్పింది. ఆయన వచ్చారు, పట్టుకున్నారు, చెప్పారు. ఈసారి బంతి వదిలి ఆమె దాని వైపు చూడలేదు, ఆయన మొహం చూసింది. బంతి చెక్కకి తగిలిన చప్పుడుకి ఆ మొహం వాడిపోయింది. మళ్ళీ వేసింది. ఇంకా వాడిపోయింది. మూడోసారి ఆయన ఆమె చెయ్యి వదిలేసి, వెళ్ళి డొమెనికో పక్కన బెంచీ మీద కూలబడ్డారు.

"అయిపోయిందయ్యా నా పని," అన్నారు తెలుగులోనే. "నా చేతికింద స్టేటుకి ఆడిన పిల్లలున్నారు. ఈ పిచ్చితల్లికి ఒక్క బంతి దొర్లించడం నేర్పలేకపోతున్నాను. నేనింకెందుకు పనికొస్తాను?" స్వెట్టర్ చేతితో కళ్ళు తుడుచుకున్నారు.

డొమెనికోకి ముక్క అర్థం కాలేదు, అయినా స్నేహితుడి వీపు నిమిరాడు. తరువాత తల తిప్పి తాయారు వైపు చూశాడు. ఈసారి మీసం దువ్వుకోలేదు.

ఛీ, నా బతుకు, అనుకుంది తాయారు. ఆయనకి మిగిలింది ఆ ఒక్క విద్య. ఇల్లు పోయింది, ఊరు పోయింది, పెళ్ళాం పోయింది. మాస్టార్నన్న మాట ఒక్కటే ఆయన దగ్గర మిగిలితే, ఆయన చేత చెయ్యి పట్టించుకోవాలన్న ఆశకొద్దీ వారం వారం దాన్ని కూడా లాగేస్తున్నానా? సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే భయం వేసింది. సరిగ్గా వేశానంటే ఆయన ఇంక రారు. ఇంట్లో ఎలాగూ దగ్గరికి రానివ్వరు. ఇక ఆ చెయ్యి తనకు తగిలేదెప్పుడు?

బెంచీ మీద ఆయన ఇంకా తల దించుకునే ఉన్నారు.

"మాస్టారూ," అని పిలిచింది. "ఒక్కసారి ఇటు చూడండి."

మోకాలు వంచింది. నేల దగ్గరికి తెచ్చి వేళ్ళు తెరిచింది. బంతి తీరుబాటుగా పోయి, చిన్న బంతిని తాకీ తాకకుండా ఆగింది.

"శభాష్!" ఆయన బెంచీ మీంచి లేచిన తీరు చూడాలి. స్కూలు గ్రౌండులో కొట్టినట్టు చప్పట్లు కొట్టారు. డొమెనికోని రెక్క పట్టి లాక్కొచ్చి చూపించారు, పక్క బాటలో ఆడుతున్న వాళ్ళని పిలిచి చూపించారు. చివరికి తాయారుకి చేతులెత్తి దణ్ణం పెట్టి, "నా పరువు నిలబెట్టావు తల్లీ," అన్నారు.

ఆ సాయంత్రం ఆయన పప్పు మారు అడిగి వేయించుకున్నారు. "ఇవాళ ఏదో మంచి జరిగిందర్రా. ఏంటో గుర్తు రావట్లేదు," అని అందరి మొహాల్లోకీ చూసి నవ్వారు. సాయిప్రియకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాయారు గరిటె పట్టుకుని దూరంగానే నిలబడింది.

ఆ వారమంతా ఆమెను ఒకటే ఆలోచన పీకింది. ఆయనకేమీ గుర్తుండదు కదా. మళ్ళీ శనివారం కొత్త మనిషిలా వెళ్ళి, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మణికట్టు తిప్పితే ఏం పోయింది? ఒక్క తప్పుకే ఆయనేం కుంగిపోరు కదా? ఇలా తనకు తనే ఎన్ని బేరాలాడుకుందో.

శనివారం వచ్చింది. మాస్టారు చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డారు, కొత్తవాళ్ళని చూసినట్టే చూస్తూ. తాయారు బంతి తీసుకుంది. కొండంత ఆశతో పక్కకి తిరగబోయిన మణికట్టుని బిగించి, తిన్నగా ఉంచి, వదిలింది. బంతి వెళ్ళి చిన్న బంతి పక్కన ఆగింది.

"భలే వేశారమ్మా. ఎవరు నేర్పారు?"

"మా ఆయనండీ."

"చెయ్యి పట్టుకుని నేర్పించి ఉంటాడు."

"ఔనండీ."

"అలాగే నేర్పాలి. ఇంక మీకు నాతో పనేముంది!" అని ఆయన వెళ్ళబోయి ఆగారు. గొంతు తగ్గించి, "మా ఆవిడకి కూడా నేర్పాలని ఉందమ్మా నాకు. నలుగురిలో చెయ్యి పట్టుకుంటే ఏమనుకుంటుందోనని ఎప్పుడూ అడగలేదు," అన్నారు.

"అడగండి," అంది తాయారు. "వస్తుంది."

"వస్తుందంటారా?"

"వస్తుందండీ."

"అయితే ఇంటికెళ్ళాక అడుగుతాను," అని ఆయన సంబరంగా తలూపి, పక్క బాటలో కొత్తగా చేరిన పిల్ల దగ్గరికి వెళ్ళి ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నారు.