రెండో సముద్రపు ఆవు

…అసలు ఈ చెక్క స్టీమరును తుఫానులో ఒంటిచేత్తో ఒడ్డుకు తెచ్చిన మొనగాడు అచ్చిబాబే, రెండో చేతిలో గంజి గిన్నె, చుక్క ఒలికితే ఒట్టు, రెండు సముద్రపు ఆవులు, నీటిగడ్డి మేసే ఆ పెద్ద జంతువులు, జంటగా పక్కనే ఈదుతూ దారి చూపించాయి, ఇందాక వచ్చీరాని హిందీలో ఇది చెబితే సముద్రాన్ని కాపాడే సంఘం వాళ్లు నోళ్లు తెరిచారు, కువైట్ యుద్ధానికి ముందే పుట్టిన సంఘం, ఇవాల్టికి పదేళ్లట, ఆ పండగ ఈ ఓడ మీద, ఈ అరబ్బు దీవిలో అరాద్ ఒడ్డున కట్టేసిన ముసలి ఓడ, పొగగొట్టంలో పావురాలు, వీళ్లు దీన్ని తీసుకుంటే సరి, లేదా చెక్క ఊడదీసి అమ్మేస్తా, నువ్వూ ఖలాస్, ఊరికి పో అన్నాడు కఫీల్, వీసా ఇచ్చిన యజమాని, ఊరంటే తుని దగ్గర పల్లె, పోవచ్చు, కానీ లోవమ్మ హూరా పేటలో ఒక అరబ్బు ఇంట్లో పని, శుక్రవారం శుక్రవారం కనబడే పెళ్లాం, అదీ పోతుంది,

ఇదిగో ఇవాళ టీ పొయ్యడానికి వచ్చింది, కప్పు అందిస్తూ చెవిలో, ఏటి మావా, వంటోడివి నువ్వు చుక్కాని ఎప్పుడు పట్టావు అంది, దొరికిపోయాడు, దొరికితే మాత్రం ఏం, అబద్ధం మేడమ్, తుఫానప్పుడు నేను అన్నం డేగిసాని కావిలించుకుని బల్ల కింద ఉన్నాను అని అందరికీ తనే చెప్పేశాడు, అందరూ గట్టిగా నవ్వారు, ఆ ఊపులో కొబ్బరికాయ తీశాడు, తుని వైపు పడవకి మంచి జరగాలంటే కాయ కొట్టి సముద్రంలో వేస్తారు, చెయ్యెత్తాడో లేదో సంఘం పెద్ద మర్యం మేడమ్ పట్టుకుంది, నీళ్లలో ఏదీ వెయ్యకూడదు భాయ్, మా సంఘం ఉన్నదే అందుకు, సరే, కాయ నీళ్లు ఓడ ముక్కు మీద పోసి ముక్కలు మనుషులకి పంచాడు, నములుతూ ఆవిడ, మరి ఆవులు కూడా అబద్ధమేనా అంది, కావు మేడమ్ అన్నాడు, ఆవిడ అక్కడే ఉన్న కఫీల్‌తో అరబ్బీలో ఏదో అంది, అతను తలూపాడు, ఓడ మేం తీసుకుంటున్నాం, నువ్వూ ఉండు, ప్రతి శుక్రవారం వచ్చినవాళ్లకి ఆ కథ చెప్పు అంది మేడమ్, శుక్రవారమా, అయితే టీ లోవమ్మది అన్నాడు అచ్చిబాబు,

లోవమ్మ ఖాళీ కప్పులు పేరుస్తూ, నిజంగా వచ్చాయా మావా అంది, వచ్చింది, బల్ల కింద నుంచి తల పైకెత్తితే వానలో ఓడ పక్కన, నున్నటి వీపు, ఒక్కటే, ఎక్కడ ఎప్పుడు చెప్పినా ఒక్కటే అనడానికి నోరు రాలేదు, ఎందుకో ఇప్పుడు తెలిసింది, రెండోది నేను కల్పించాను లోవా, అన్ని నీళ్లలో దాన్ని ఒంటరిగా వదిలేయలేక.