చేతిలో మిగిలిన డైమను

ఆగస్టు మొదటి శనివారం వచ్చిందంటే మోస్లీ బెండ్‌లో పుట్టినవాళ్ళు ఎక్కడున్నా ఊరు చేరాల్సిందే. చర్చి వెనక డేరాలు లేచాయి. మూకుళ్ళలో చేపలు వేగుతున్నాయి. నడిమి డేరాలో పేకాట పోటీ ఆఖరాటకి వచ్చేసరికి హోసియా జతగాడు రూజ్వెల్ట్‌కి నడుం పట్టేసింది.

సరిగ్గా అప్పుడే నల్లకారొకటి వచ్చి ఆగింది. టెరెల్ దిగాడు. అతని పాట వినిపించని రేడియో అలబామా రాష్ట్రంలోనే లేదు.

"ఇంజను ఆపకు. పది నిమిషాల్లో పోదాం" అని డ్రైవరుతో అనడం హోసియా చెవిన పడింది.

టెరెల్‌ని ఎవరూ పలకరించలేదు. చేపలు వేయించే ఆడవాళ్ళు పళ్ళెం అందించలేదు. మార్చిలో టీవీలో పెద్దమనుషులను నవ్వించడానికి, "మా ఊరి టీచరుకే చదవడం సరిగ్గా వచ్చేది కాదు" అన్నాడు. ఆ టీచరు ఎర్నెస్టీన్. ముప్పై ఏళ్ళు సొంత కారులో పుస్తకాలు మోసుకొచ్చి ఊరి పిల్లలకి చదువు చెప్పింది. ఆ మాట ఆవిడ తన ఇంట్లో, పదిమంది చుట్టాల మధ్య కూర్చుని విన్నది.

హోసియా రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. టెరెల్‌కి పేకముక్క పట్టడం నేర్పింది ఆయనే. ఈ పది నిమిషాలూ ఇలాగే గడిస్తే వీడు మళ్ళీ ఈ ఊరు తొక్కడని ఆయనకి తెలుసు. రూజ్వెల్ట్ ఖాళీ చేసిన ఎదుటి కుర్చీని కాలితో ముందుకు తోశాడు.

"కూర్చో."

డేరా అంతా గుసగుసలు లేచాయి. అవతలి జట్టు ఎర్నెస్టీన్, ఆవిడ తమ్ముడు లూషియస్ మరి!

"బాబాయ్, వద్దులే..." అన్నాడు టెరెల్.

"కూర్చోరా. నాకు చదవడం రాదు గానీ ముక్కలు లెక్కపెట్టడం వచ్చు" అంది ఎర్నెస్టీన్, ముక్కలు పంచుతూ. జనం ఈలలేశారు.

"టీచరమ్మా, నేను టీవీలోనే క్షమాపణ..."

"చూశాను. ఎవరు రాసిచ్చారు?"

"మేనేజరు."

"అనుకున్నా. అంత నున్నటి వాక్యాలు నేను నీకు నేర్పలేదు."

ఆట రంజుగా సాగింది. ఇస్పేటు ఎప్పుడూ తురుపే. ముక్క వేస్తే బల్ల అదరాలి. లూషియస్ లేచి నిలబడి మరీ కొడుతున్నాడు. "ఏడుస్తావా, పాడతావా?" అని ఒకడు వెనకనుంచి టెరెల్‌ని గిల్లాడు. పాయింట్లు ఇటూ అటూ ఊగి, ఆఖరి పంపకానికి సరిసమానమయ్యాయి. ఆ పంపకంలోని పదమూడు పట్లలో ఎనిమిది తామే గెలుస్తామని హోసియా పలికాడు. చుట్టూ జనం కుర్చీలెక్కారు.

పట్నం నుంచి వచ్చిన కెమెరా మనిషి ఒకడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "అమ్మా, ఈయన మిమ్మల్ని అంత మాటన్నాడు కదా, మీరేమంటారు?"

ఎర్నెస్టీన్ తలెత్తలేదు. "ఎవరు బాబూ నువ్వు? మా పిల్లాడి సంగతి మేం చూసుకుంటాం. జరుగు, వెలుతురుకి అడ్డం."

చేపల దగ్గరి ఆడవాళ్ళు అట్లకాడలతో సహా వచ్చి, ఆ మనిషిని గేటు దాకా సాగనంపారు. టెరెల్ మొహం వెలిగింది.

"నవ్వకు" అంది ఎర్నెస్టీన్. "వాడు పోయాడని నీ పని అయిపోలేదు. ఆడు."

హోసియా జట్టుకి ఏడు పట్లు వచ్చాయి. ఆఖరి ముక్కగా హోసియా ఇస్పేటు ఆసు కొట్టాడు. ఎనిమిదోది! గెలుపు! డేరా ఎగిరిపడింది. ఎవరో హోసియాని వెనకనుంచి వాటేసుకున్నారు. ఆ గోలలో ఆయన కళ్ళు మాత్రం టెరెల్ చేతిలోని ఒక్క ముక్క మీదే ఉన్నాయి. డైమనుల్లో ఒకటి ఇంకా బయటికి రాలేదు. మూడో పట్టులో డైమను నడుస్తుంటే టెరెల్ తురుపు కొట్టాడు. చేతిలో ఆ రంగు ముక్క ఉండగా తురుపు కొడితే మూడు పట్లు జరిమానా. ముక్కని బోర్లించి కుప్పలో కలిపేస్తే ఎవరూ చూడరు.

టెరెల్ ముక్కని వెల్లకిలా పెట్టాడు. డైమను నాలుగు.

"ఇది ఇంకో ముక్క వెనక అంటుకుపోయింది. ఇందాకే చూశాను, చెప్పలేదు" అన్నాడు. "చెప్పాల్సింది. అప్పుడు టీవీలో కూడా... వాళ్ళు నవ్వుతున్నారని అనేశాను టీచరమ్మా. మీరే గనక లేకపోతే నాకు పాట రాసుకోవడం వచ్చేది కాదు."



ఎర్నెస్టీన్ చెయ్యి చాచి వాళ్ళ గుట్టలోంచి మూడు పట్లు లాక్కుంది. నెమ్మదిగా, ఒక్కొక్కటే. "ఓడిపోయారు" అంది. "డైమనుల లెక్క తప్పినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నా. నువ్వు చెబుతావా లేదా అని."

"ఓహో!" అని లూషియస్ బల్ల గుద్దాడు. జనం మళ్ళీ గోల మొదలెట్టారు, ఈసారి రెట్టింపు.

హోసియాకి ఓటమంటే పడదు. అయినా టెరెల్ వీపు మీద మెచ్చుకోలుగా ఒక్కటిచ్చాడు.

చేపల పళ్ళెం ఒకటి జనం తలల మీదుగా చేతులు మారుతూ వచ్చి టెరెల్ ముందు ఆగింది.

"తిను. తిని చేతులు తుడుచుకో, లేకపోతే మళ్ళీ ముక్కలు అంటుకుంటాయి" అంది ఎర్నెస్టీన్, పేక కలుపుతూ. "ఇంకో ఆట."

టెరెల్ కారు వైపు తిరిగి అరిచాడు. "అన్నా! ఇంజను ఆపేసి రా! చేపలు వేడిగా ఉన్నాయి!"